వోల్తెర్రా: గోడకన్నా ముందు కాలువ

పాత కోటలు, పాత ఊళ్లు చూడబోయినవాళ్లు గోడ ఎంత పొడవు, ఎంత ఎత్తు, ఎవరు కట్టించారు అని అడుగుతారు. వాన పడితే ఆ గోడ వెనక నీళ్లు ఎటు పోతాయని మాత్రం అడగరు. నీటిపారుదల శాఖలో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి నాకు ముందు తట్టేది ఆ ప్రశ్నే. ఇటలీలోని టస్కనీలో, కొండ నెత్తిన కూర్చున్న వోల్తెర్రా అనే ఊరు చూశాక, చరిత్ర గురించి మాట్లాడేవాళ్లందరూ మొదట అడగవలసింది కూడా ఆ ప్రశ్నేనని గట్టిగా అనిపిస్తోంది. దాదాపు మూడు వేల ఏళ్లుగా మనుషులు వదలకుండా కాపురం ఉంటున్న ఊరది. దాన్ని శత్రువులు తిన్నదానికన్నా వాననీరు తిన్నది ఎక్కువ. ఇక దాన్ని ఇంతకాలం నిలబెట్టింది పేరు లేని మనుషుల చాకిరీ. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా దీనికి సాక్ష్యం.

మా అమ్మాయి, అల్లుడు పీసాలో ఉంటారు. అక్కడికి వచ్చే మనవాళ్లు ఒరిగిన గోపురాన్ని చేత్తో ఆపుతున్నట్టు ఫొటో దిగి, ఆ సాయంత్రానికే ఫ్లోరెన్స్ రైలెక్కుతారు. కొంచెం ఓపిక ఉన్నవాళ్లు బురుజుల ఊరు సాన్ జిమిన్యానో చూస్తారు. అది 1990 నుంచి యునెస్కో జాబితాలో ఉంది మరి. దానికి కూతవేటు దూరంలాంటి వోల్తెర్రా ఆ జాబితాలో లేదు, అక్కడికి రైలూ లేదు. ఒకప్పుడు కొండ కింది సలీనె దాకా వచ్చిన రైలును పళ్ల పట్టా మీదుగా పైకి లాక్కెళ్లేవారట. 1958లో దాన్ని మూసేశారు. ఇప్పుడు బస్సే దిక్కు. ఎరా, చేచినా అనే రెండు నదుల లోయల మధ్య, సముద్రమట్టానికి అయిదు వందల మీటర్లకు పైన ఉంది ఊరు. బస్సు మెలికలు తిరుగుతూ ఎక్కుతుంటే రెండు పక్కలా బూడిదరంగు బంకమట్టి దిబ్బలు, వాటి మీద వాన గీసిన చాళ్లు కనిపిస్తాయి. అందరూ ఆ దిబ్బల అందం చూస్తారు. నేను వాటి వాలు చూశాను.

ముందు గోడ సంగతి చెప్పాలి. రోమ్ ఇంకా ఓ మోస్తరు ఊరుగా ఉన్న రోజుల్లో ఈ ప్రాంతమంతా ఎట్రుస్కన్లు అనే జాతివాళ్లది. వాళ్ల పన్నెండు పెద్ద నగరాల్లో ఇదొకటి. వాళ్లు దీన్ని వెలత్రి అన్నారు. ఆ పేరు వాళ్లు పోతపోసిన కంచు నాణేల మీద ఇప్పటికీ చదువుకోవచ్చు. ఒకవైపు రెండు ముఖాల తల, మరోవైపు డాల్ఫిన్ చేపో గదో ఉంటుంది. ఎట్రుస్కన్ల లిపి గ్రీకుల నుంచి వచ్చింది కాబట్టి పండితులు గడగడా చదివేయగలరు. అర్థం మాత్రం సగం సగమే తెలుస్తుంది. ఎందుకంటే మిగిలినవి ఎక్కువగా సమాధుల మీది పేర్లు, వయసులు, పొట్టి మొక్కుబడి వాక్యాలు. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో వాళ్లు ఈ కొండ చుట్టూ కట్టిన గోడ పొడవు ఏడు కిలోమీటర్లకు పైనే. లోపల పడే స్థలం 116 హెక్టార్లు, అంటే మన లెక్కలో దగ్గర దగ్గర 290 ఎకరాలు. ఇంత స్థలమంతా ఇళ్లే కాదు. పొలాలు, పశువులు, నీటి ఊటలు కూడా లోపలే ఉండాలనే ఎత్తు అది. ముట్టడి వస్తే ఊరు ఎండిపోకూడదు.

ఇప్పటి ఊరు ఆ గోడను నింపలేదు. 13వ శతాబ్దంలో అప్పటివాళ్లు తమ జనాభాకు సరిపడేలా అందులోనే చిన్న గోడ కట్టుకున్నారు. కొన్నిచోట్ల పాత గోడనే పునాదిగా వాడుకున్నారు. ఇవాళ ఊరి మొత్తం జనాభా పదివేల లోపే. రెండు గోడల మధ్య ఆలివ్ చెట్లు, విడివిడి ఇళ్లు, మెలికల దారులు ఉన్నాయి. సాంతా కియారా వైపు నడిస్తే ఆ పాత గోడ ముక్క ఒకటి నిటారుగా నిలబడి ఉంటుంది. దగ్గరికి వెళ్లి అరచేయి పెట్టి చూశాను. సున్నం లేదు, మరే అతుకూ లేదు. పెద్ద పెద్ద పసుపు రాళ్లను ఒకదాని మీద ఒకటి బరువుతోనే కూర్చోబెట్టారు. రాళ్ల మధ్య సందుల్లో నాచు, ఫెర్న్ మొక్కలు. ఆ తడి చూడగానే నాకు సగం జవాబు దొరికింది. ఆ గోడ నీటిని ఆపదు, వడపోస్తుంది. వెనక మట్టిలో చేరిన వాన ప్రతి సందులోంచీ కారిపోతుంది. గోడ మీద ఒత్తిడి పెరగదు. సున్నం దట్టించి సందులన్నీ మూసిన గోడకు ఆ సౌకర్యం ఉండదు. దానికి కింద తూములు పెట్టాలి, పెట్టిన తూములు పూడిపోకుండా ఏటా చూసుకోవాలి. ఎట్రుస్కన్లు ఇదంతా లెక్కగట్టి కట్టారని నేను అనను. కానీ కట్టిన పద్ధతే ఆ గోడను రెండు వేల మూడు వందల ఏళ్లు కాపాడిందని మాత్రం నా నమ్మకం.

శత్రువుల పద్దు చూద్దాం. క్రీస్తుపూర్వం 298లో రోమన్ సైన్యం వోల్తెర్రా దగ్గర ఎట్రుస్కన్లతో తలపడిందని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. తర్వాత ఊరు రోమ్‌తో సంధి చేసుకుంది. క్రీస్తుపూర్వం 205లో రోమన్ సేనాపతి స్కిపియో ఆఫ్రికా మీదికి వెళ్లడానికి నౌకలు కట్టిస్తుంటే వోల్తెర్రావాళ్లు నౌకలకు కావలసిన సరంజామా, ధాన్యం ఇచ్చారు. అసలు పరీక్ష క్రీస్తుపూర్వం 82లో వచ్చింది. రోమ్‌లో మారియస్ వర్గానికీ సుల్లాకూ జరిగిన అంతర్యుద్ధంలో ఓడినవాళ్లు పారిపోయి వచ్చి ఈ కొండ ఎక్కారు. కింది నుంచి పైకి పదిహేను స్టేడియాల (దాదాపు మూడు కిలోమీటర్ల) దూరం ఒకటే ఎక్కుడు, గరుకు దారి అని భూగోళ రచయిత స్త్రాబో వర్ణించాడు. రెండేళ్ల ముట్టడి తర్వాత లోపలివాళ్లు ఒప్పందం మీద ఊరు అప్పగించారని కూడా ఆయనే చెప్పాడు. అంటే గోడ లొంగలేదు, కడుపులు లొంగాయి.

సుల్లా కోపం మాత్రం చల్లారలేదు. ఊరివాళ్ల రోమన్ పౌరసత్వం పీకేశాడు, భూములు స్వాధీనం చేసుకోమన్నాడు. ఇక్కడ రోమన్ వక్త సిసిరో వస్తాడు. క్రీస్తుపూర్వం 69లో ఔలుస్ కైకినా అనే వోల్తెర్రా పెద్దమనిషి భూమి తగాదాలో ఆయన వకీలుగా నిలబడి, పౌరసత్వాన్ని అలా ఒక చట్టంతో పీకేయడం కుదరదని వాదించాడు. తర్వాత కూడా ఈ ఊరి భూముల జోలికి రావద్దని అధికారులకు ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. ఆ శతాబ్దం చివరికి అదే కైకినా వంశంవాళ్లు ఊరికి ఉత్తరాన కొండవాలును తొలిచి పాలరాతి స్తంభాలతో రోమన్ నాటకశాల కట్టించారు. వాళ్ల పేర్లు చెక్కిన శాసనం దొరికింది. ఓడిన ఊరు గెలిచినవాడి భాషలో నాటకాలు ఆడించుకుంది. రోమన్ల గొప్పతనమని యాత్రికులు మురిసిపోయే ఆ నాటకశాల స్థానిక ఎట్రుస్కన్ ధనికుల సొమ్ము, సర్దుబాటు కలిసిన కట్టడం.

తర్వాతి పెద్ద దెబ్బ 1472లో, పటిక వల్ల. మచిలీపట్నం కలంకారీ అద్దకం చూసినవాళ్లకు పటిక విలువ చెప్పనక్కర్లేదు. గుడ్డకు రంగు పట్టాలంటే అది ఉండాల్సిందే. ఉన్ని వ్యాపారంతో బతికే ఫ్లోరెన్స్‌కు పటిక అంటే ప్రాణం. వోల్తెర్రా నేలలో పటిక గని బయటపడేసరికి, ఎవరు తవ్వాలి, లాభం ఎవరికి అన్న తగవు ముదిరి, లోరెంజో దె మెదిచి పాలనలోని ఫ్లోరెన్స్ సైన్యాన్ని పంపింది. కిరాయి సేనాపతి, ఉర్బీనో ప్రభువు ఫెదెరికో ద మొంతెఫెల్త్రో ఊరిని ముట్టడించాడు. వోల్తెర్రావాళ్లు ఈసారీ షరతుల మీదే తలుపులు తెరిచారు. షరతులు కాగితం మీదే ఉండిపోయాయి. జూన్‌లో సైనికులు ఊరిని దోచుకున్నారు. ఆ పైన కొండ శిఖరాన లోరెంజో పెద్ద దుర్గం కట్టించాడు. దాని చూపు బయటి శత్రువుకన్నా ఊరివాళ్ల మీదే ఎక్కువ. ఇంత రక్తం పారించిన గని కొన్నేళ్లకే గిట్టుబాటు కాదని మూతపడింది. దుర్గం మాత్రం ఇప్పటికీ ఉంది, ఇప్పటికీ జైలే. 1988 నుంచి అర్మాందో పుంజో అనే దర్శకుడు అందులోని ఖైదీలతో నాటకాలు వేయిస్తున్నాడు. ఏటా వేసవిలో జనం టిక్కెట్టు కొనుక్కుని జైలు లోపలికి వెళ్లి చూస్తారు.

రెండు పెద్ద ముట్టడుల్లోనూ తలుపులు లోపలి నుంచే తెరుచుకున్నాయి. 1530లో జరిగిన మరో ముట్టడిలో ఫిరంగులు గోడకు కన్నాలు పెట్టాయి, అయినా ముట్టడిదారులు లోపలికి రాలేక వెనుదిరిగారు. గోడ తన ఉద్యోగం తాను చేసింది. మరి ఏడు కిలోమీటర్ల గోడలో ఇప్పుడు ఇక్కడ కొంత, అక్కడ కొంతే ఎందుకు మిగిలింది? కొన్ని రాళ్లను తరాల తరబడి ఇళ్లకు మోసుకుపోయి ఉంటారు, అది ప్రతి పాత ఊళ్లోనూ జరిగే పనే. కానీ పడమటి వైపు వెళ్లి చూస్తే అసలు దొంగ కనబడతాడు.

ఆ చోటును బాల్జె అంటారు. ఊరి పడమటి అంచున నేల ఉన్నట్టుండి తెగిపోయి, నిలువునా పసుపు, బూడిద రంగుల కొండచరియలు దిగిపోతాయి. కింద పూర్వం సముద్రం వదిలివెళ్లిన నీలిబూడిద బంకమట్టి ఉంది. దాని మీద ఇసుక పొర, అన్నిటికన్నా పైన కాస్త గట్టి రాతి పలక. వాన పడితే నీరు ఇసుకలోకి ఇంకుతుంది, బంకమట్టి దగ్గర ఆగిపోతుంది. దిగడానికి దారిలేక అడ్డంగా పారి, చరియ ముఖం మీదికి ఊటగా వస్తుంది. వస్తూ వస్తూ ఇసుకను పట్టుకొస్తుంది. అడుగు ఖాళీ అయ్యాక పైన పలక విరిగి పడుతుంది. మళ్లీ కొత్త ముఖం, మళ్లీ అదే తంతు. ఈ పని శతాబ్దాలుగా నడుస్తోంది. ఎట్రుస్కన్ల గోడ అక్కడ అంచుదాకా వచ్చి ఆగిపోతుంది. మిగతాది లోయలో ఉంది. గోడ కన్నా పాతవైన సమాధులు, క్రీస్తుపూర్వం 9, 8 శతాబ్దాల నాటివి, చాలావరకు అటే పోయాయి. 17వ శతాబ్దంలో సాన్ జుస్తో పాత చర్చి పోయింది. అదే పేరుతో కొత్త చర్చిని వెనక్కి జరిగి కట్టుకున్నారు. దాన్ని ముగించేసరికి 1775 వచ్చింది. 11వ శతాబ్దపు కమల్దోలీ అనే క్రైస్తవ సన్యాసుల శాఖ మఠం ఇప్పటికీ అంచుకు దగ్గర్లో ఉంది. 1846 భూకంపం తర్వాత సన్యాసులు దాన్ని వదిలి వెళ్లిపోయారు.

ఏ సుల్లా, ఏ లోరెంజో ఇంత నష్టం చేశారు చెప్పండి? అయినా ఊరి చరిత్ర చెప్పే పలకల మీద సుల్లా పేరుంటుంది, లోరెంజో పేరుంటుంది. నీటికి పేరెక్కడిది?

ఇది పాత కాలపు సంగతి అనుకుంటే పొరపాటు. 2014 జనవరి 31న, బాగా వానలు పడిన తర్వాత, ఊరికి దక్షిణాన మధ్యయుగపు గోడ సుమారు ముప్పై మీటర్ల మేర కూలిపోయింది. పైన జనం నడిచే దారి కూడా దాంతో పాటు వేలాడింది. మార్చిలో మరోచోట ఇంకో ముక్క జారింది. ఆ ఫొటోలు చూస్తే ఏ ఇంజనీరైనా ఒక్కమాటే అంటాడు: ఇది కోటగోడగా కూలలేదు, రిటైనింగ్ వాల్‌గా కూలింది. కట్టినప్పుడు అది మనుషులను ఆపే గోడ. తర్వాత కొన్ని వందల ఏళ్లలో లోపలివైపు మట్టి చేరింది, దాని మీద తోటలు, దారులు, ఇళ్లు వచ్చాయి. అడగకుండానే దాని ఉద్యోగం మారిపోయింది. మనుషులను ఆపే గోడకు బలం కావాలి. మట్టిని ఆపే గోడకు బలంతో పాటు నీరు పోయే తోవ కావాలి. తడిసిన మట్టి బరువు, దాని వెనక నిలిచిన నీటి తోపుడు కలిస్తే ఎంత గోడైనా కడుపు ముందుకు తోసుకువస్తుంది. అలా ఉబ్బిన గోడలను మా సర్వీసులో కాలువ గట్ల మీద ఎన్నో చూశాం. ఉబ్బు కనిపించిన రోజే తూములు శుభ్రం చేయిస్తే గోడ బతుకుతుంది. పై అధికారికి రాసి, అంచనాలు వేసి, మంజూరు వచ్చేదాకా ఆగితే పోతుంది. మంజూరు మాత్రం కొత్త గోడకు వస్తుంది.

ఆ ప్రమాదం తర్వాత వోల్తెర్రా గోడలకు సెన్సార్లు పెట్టారు. ఫ్లోరెన్స్ విశ్వవిద్యాలయంవాళ్లు ఉపగ్రహ రాడార్ చిత్రాలతో ఊరి కింద నేల మిల్లీమీటర్ల లెక్కన ఎలా కదులుతోందో పరిశీలించారు. మంచిదే. కానీ సెన్సారు జ్వరం ఎంతుందో చెబుతుంది, మందు మాత్రం మోరీలు తీసే మనిషే వేయాలి.

మా అల్లుడితో ఈ విషయం మీద వాదన వచ్చింది. "మామయ్యా, మీరు చెప్పేది నిజమే అనుకోండి. కానీ జనం మోరీలు చూడటానికి రారు కదా. మ్యూజియం ఉంది కాబట్టి వస్తారు, వాళ్లు వస్తేనే డబ్బు, డబ్బుంటేనే మీ మోరీలు" అన్నాడు. తీసిపారేసే మాట కాదు. ఆ మ్యూజియం నిజంగానే అబ్బురం. మారియో గ్వార్నాచ్చి అనే ఆయన 1761లో తన జీవితమంతా కూడబెట్టిన పురావస్తువులనూ గ్రంథాలయాన్నీ ఊరి ప్రజలకు రాసి ఇచ్చేశాడు. రాజులు తమ సేకరణలను తాళాలేసి దాచుకునే రోజుల్లో చేసిన పని అది. అక్కడ ఎట్రుస్కన్ల చితాభస్మం దాచిన పేటికలు ఆరువందలకు పైగా ఉన్నాయి. చాలావాటిని ఊరి నేలలోనే దొరికే అలబాస్టర్ రాతితో చెక్కారు. మూత మీద చనిపోయిన మనిషి విందులో ఉన్నట్టు మోచేతి మీద వాలి ఉంటాడు. కాల్చిన మట్టితో చేసిన ఒక మూత మీద ముసలి దంపతులున్నారు. ముడతలు దాచలేదు. ఆవిడ మొహం ఆయన వైపు తిరిగి ఉంది, ఏదో పాత విషయం మీద ఇంకా నిలదీస్తున్నట్టే ఉంది. అక్కడే సన్నగా, పొడుగ్గా, సాయంత్రపు నీడలా సాగదీసిన కంచు కుర్రవాడి బొమ్మ ఉంది. దాని నకళ్లు ఊళ్లో ప్రతి దుకాణంలోనూ అమ్ముతారు.

అయితే అల్లుడి వాదనలో ఒక లొసుగుంది. మ్యూజియంలో ఉన్నవి నేలలోంచి వచ్చినవే. నేల జారిపోతే మ్యూజియానికి కొత్తగా వచ్చేదేమీ ఉండదు. పైగా ఊళ్లో దొరికినదంతా ఊళ్లో ఉండదు. 1861లో బయటపడిన ఇంగిరామి కుటుంబపు స్థలంలోని సమాధిని, అందులోని పేటికలతో సహా, ఫ్లోరెన్స్ పురావస్తు మ్యూజియం తోటలో మళ్లీ నిర్మించి పెట్టుకున్నారు. గెలిచినవాళ్ల పద్ధతి నాలుగు వందల ఏళ్లయినా మారలేదన్నమాట. ఇక జనం రావడం గురించి అంటారా, ఆ మధ్య రక్తపిశాచాల ప్రేమకథ ఒకటి ఈ ఊళ్లో జరిగినట్టు రాస్తే పిల్లలు ఎగబడి వచ్చారు. తీరా సినిమాను ఇంకో కొండ ఊరు మొంతెపుల్చానోలో తీశారు. జనాన్ని రప్పించడానికి చరిత్రే ఉండనక్కర్లేదు.

అల్లుడికి నేను చెప్పిన అసలు జవాబు మాత్రం వేరే. 2015లో ఊరి ఉత్తరాన, పోర్తా దియానా అనే శిథిల ఎట్రుస్కన్ ద్వారానికి దగ్గర్లో, ఒక వాగును బాగుచేసే పని పెట్టారు. పూడిక తీయడం, నీటిని దారిలో పెట్టడం లాంటి మామూలు పని. తవ్వుతుంటే వంపు తిరిగిన రాతిగోడ తగిలింది. ఇంకా తవ్వితే అది రోమన్ యాంఫీథియేటర్, అంటే చుట్టూ మెట్లున్న ఆటల బరి అని తేలింది. గుండ్రని కోడిగుడ్డు ఆకారం, సుమారు 80 మీటర్ల పొడవు, 60 మీటర్లకు పైగా వెడల్పు. దాని ప్రస్తావన పాత రాతల్లో ఎక్కడా లేదు, ఊళ్లో ఎవరికీ తెలియదు. ఇంతకాలం పండితులు గాలించిన ఊళ్లో, ఇంత పెద్ద కట్టడాన్ని బయటపెట్టింది కాలువ పని. ఇది విని మా అల్లుడు నవ్వి ఊరుకున్నాడు. ఒప్పుకున్నట్టేనని నేను రాసుకున్నాను.

కాలువ పని సంగతి తేలింది, ఇక చాకిరీ సంగతి. ఊరికి దక్షిణాన పోర్తా అల్లార్కో అనే ద్వారం ఉంది. కింద గోడలు ఎట్రుస్కన్లవి. పైన కమాను సుల్లా ముట్టడి తర్వాత మళ్లీ కట్టింది, దాని రాయి రంగే వేరు. దాని పక్కన మధ్యయుగపు రాళ్లు, ఇటుకలు. కమానులో మూడు తలలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. నల్లబడి, కళ్లూ ముక్కూ అరిగిపోయి, ఉప్పుగడ్డల్లా ఉన్నాయి. దేవుళ్లని కొందరు, తెగిన శత్రువుల తలలని కొందరు. తమాషా ఏమిటంటే మ్యూజియంలోని ఒక పేటిక మీద, నిచ్చెనెక్కి థీబ్స్ నగరంలోకి దూకబోయే గ్రీకు వీరుడు కపనేయుస్ కథ చెక్కారు. ఆ శిల్పి థీబ్స్‌ను ఎన్నడూ చూసి ఉండడు. తన ఊరి ద్వారాన్నే చెక్కేశాడు, మూడు తలలతో సహా. ఆ రాతిబొమ్మలో తలలకు ఇంకా మొహాలున్నాయి.

1944 జూన్ చివర్లో జర్మన్ సైన్యం మిత్రరాజ్యాల సేనలకు దారి లేకుండా చేయడానికి ఈ ద్వారాన్ని పేల్చేయాలనుకుంది. ఊరివాళ్లు వెళ్లి, పేల్చవద్దు, మీకు కావలసింది దారి మూసుకుపోవడమే కదా, మేమే మూసేస్తాం అన్నారు. జర్మన్లు ఇరవై నాలుగు గంటలు గడువిచ్చారు. ద్వారం దగ్గరికి దిగే వీధిలో పరిచిన రాళ్లను జనం పెకలించి, మోసుకొచ్చి, ద్వారాన్ని నిండా పూడ్చేశారు. ద్వారం మిగిలింది. తర్వాత రాళ్లు మళ్లీ వీధిలోకి వెళ్లాయి. దీన్ని వీరగాథగా చెబుతారు, అక్కడ స్మారక ఫలకం కూడా ఉంది. నాకు మాత్రం అది వీరగాథకన్నా మంచి పనితనపు కథ. కమానుకు ఎక్కడా దెబ్బ తగలకుండా, వాళ్ల దగ్గరున్న సరుకుతోనే, మళ్లీ ఊడదీయడానికి వీలుగా నింపారు. పునరుద్ధరణ గురించి ఇవాళ పండితులు చెప్పే సూత్రాలన్నీ అందులో ఉన్నాయి. తుపాకుల నీడలో, నిపుణుల కమిటీ ఏదీ లేకుండా జరిగిన పని.

ఇంకో ఉదాహరణ అంత మురిపెంగా చెప్పలేను. రోమన్ నాటకశాల మధ్యయుగంలో మట్టిలో కలిసిపోయింది. పైన గోడ మీంచి ఊరివాళ్లు చెత్త పారబోసేవారు. శతాబ్దాల చెత్త దాన్ని కప్పేసి, ఒకరకంగా కాపాడింది. 1950ల మొదట్లో ఎన్రికో ఫియూమి అనే స్థానిక చరిత్రకారుడు అక్కడ ఏదో ఉందని నమ్మి తవ్వకం మొదలుపెట్టాడు. డబ్బు లేదు. పనివాళ్లు ఎవరంటే, ఊరి మానసిక ఆసుపత్రిలోని రోగులు. ఆ ఆసుపత్రి అప్పట్లో ఇటలీలోనే అతి పెద్దవాటిలో ఒకటి. ఒక దశలో నాలుగు వేలకు పైగా మనుషులు అందులో బతికారు. బయటి ప్రపంచం తాళం వేసి మరిచిపోయిన మనుషులు బండ్లకొద్దీ చెత్తా మట్టీ ఎత్తిపోసి, రెండు అంతస్తుల రంగస్థలాన్ని, మెట్ల వరుసలను వెలుగులోకి తెచ్చారు. ఫియూమి పేరు మీద ఊళ్లో ఉద్యానవనం ఉంది, ఉండవలసిందే. తవ్వినవాళ్ల పేర్లతో ఒక పలక కూడా ఉండాలి కదా అని అడగడం అత్యాశ అవుతుందా? ఆరుబయట గాలిలో పని వాళ్లకు మేలే చేసిందని అంటారు. చేసే ఉండవచ్చు. అయినా ఎంచుకునే వీలు లేని మనిషి చేసే పనిని సేవ అనడానికి నాకు నోరు రాదు.

1978లో ఇటలీ ఇలాంటి ఆసుపత్రుల మూతకు చట్టం చేసింది. వోల్తెర్రా ఆసుపత్రి భవనాలు చెట్లు మొలిచి పాడుబడ్డాయి. అందులో ఫెర్రీ అనే వార్డు ఆవరణ గోడ మీద ఒరెస్తె ఫెర్నాందో నన్నెత్తి అనే రోగి ఏళ్ల తరబడి చెక్కుతూ పోయాడు. పెన్ను లేదు, ఉలి లేదు. ఆసుపత్రి ఇచ్చిన చేతుల్లేని కోటు బకిల్‌తో పూతను గీకి అక్షరాలు, నక్షత్రాలు, యంత్రాలు, కుటుంబ వృత్తాంతాలు, అంతరిక్షం నుంచి తనకు అందే సందేశాలు నింపాడు. దాదాపు 180 మీటర్ల పొడవున ఆ గీతలు సాగాయి. అక్షరాలు నిటారుగా, కోణాలు కోణాలుగా ఉంటాయి. తెలియనివాళ్లు చూస్తే ఎట్రుస్కన్ శాసనం అనుకున్నా తప్పు పట్టలేం.

ఈ గోడలన్నిటిలో నాకు ఎక్కువ ఆందోళన దీని గురించే. ఊరి గోడలకు సెన్సార్లున్నాయి, ద్వారానికి ఫలకం ఉంది, దుర్గానికి కాపలా ఉంది. నన్నెత్తి రాసింది సిమెంటు పూత మీద. తడి లోపలికి దిగి, ఎండకు పొంగి, ఆ పూత పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది. కొన్ని ముక్కలను విడదీసి లోపల భద్రం చేశారు. చాలా భాగం రాలిపోయింది. చరిత్రకారులు, కళావిమర్శకులు దాని మీద ఎన్నో రాశారు. రాయనివ్వండి. ఆసుపత్రి మూసిన మర్నాడే ఎవరైనా దాని నెత్తిన ఒక చూరు దించి, కాలి దగ్గర చిన్న కాలువ తీయించి ఉంటే, ఇవాళ విడదీసి దాచుకోవలసిన పనే పడేది కాదు. ఆ ఖర్చు అంచనా వేయమంటే నేను పావుగంటలో వేసి ఇచ్చేవాణ్ణి. అందులో కూలీ పద్దే పెద్దది.